పాలు, వెన్న లేకుండా చిక్కటి కూరగాయల సూపు



"కోటి విద్యలు కూటి కొరకే" అన్నారు పెద్దలు. కానీ హాస్టల్లో ఏళ్ల తరబడి ఉండి, పదో తరగతి, ఇంటరు గట్టెక్కి బయటికి వచ్చిన మనలో చాలామందికి ఆ కూడు వండుకునే విద్య మాత్రం రాదు. బెల్లు కొడితే పళ్లెం, గ్లాసు పట్టుకుని వరుసలో నిలబడటమే మనకు తెలుసు. డిగ్రీకో, కోచింగుకో పట్నం వెళ్లి గది అద్దెకు తీసుకున్నాకే అసలు సంగతి అర్థమవుతుంది. మేము నలుగురం మొదటి ఏడాది ఉదయం టీ, బన్ను, మధ్యాహ్నం అన్నం, పచ్చడి, రాత్రి మళ్లీ అదే అన్నం, అదే పచ్చడితో గడిపాం. పరీక్షల ముందు మాలో ఒకడు కళ్లు తిరిగి పడిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళితే డాక్టరు గారు మందులు రాయకముందే "ఏం తింటున్నారు బాబూ?" అని అడిగారు. నలుగురం తల దించుకున్నాం.

ఆ తర్వాత మేము నేర్చుకున్న మొదటి వంట ఈ సూపు. ఒక్క పొయ్యి, ఒక్క కుక్కరు ఉంటే చాలు. గంటలోపు నలుగురికి కడుపు నిండుతుంది. మా తర్వాత వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు మాలాగా ఏడాది పాటు కష్టపడకూడదని ఈ వ్యాసం రాస్తున్నాం.

పాలు ఎందుకు వాడలేదు?

పాలు చెడ్డవని మేము చెప్పడం లేదు. అరిగేవారు నిక్షేపంగా తాగవచ్చు. కానీ మాలో ఒకడికి హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ పాలు పడేవి కావు. పాలు ఇచ్చిన రోజున తన గ్లాసు పక్కవాడికి ఇచ్చేసేవాడు. బలవంతంగా తాగిస్తే కడుపు ఉబ్బరం, విరేచనాలు. "పాలు తాగనివాడికి బలం ఎక్కడ నుంచి వస్తుందిరా?" అని మేమే వాడిని ఎగతాళి చేశాం. అది తప్పని తర్వాత తెలిసింది.

పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించడానికి మన చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైము తయారవుతుంది. పసితనంలో అది పుష్కలంగా ఉంటుంది. పెద్దవుతున్నకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. అప్పుడు అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి గ్యాసు పుట్టిస్తుంది. అంతే తప్ప అది బలహీనతా కాదు, గారాబమూ కాదు. పెరుగులో లాక్టోజ్ కొంత తగ్గి ఉంటుంది కనుక పాలు పడనివారిలో కొందరికి పెరుగు పడుతుంది. పాల ఎలర్జీ మాత్రం వేరే సంగతి. అది ఉన్నవారు వెన్న, నెయ్యి కూడా ముట్టకూడదు.

హోటల్లో సూపు తాగితే అందులో వెన్నో, మీగడో, కార్న్‌ఫ్లోరో కలిసి ఉండటం మామూలే. ఇంట్లో చేసినా నెయ్యితో తాలింపు పెట్టే అలవాటు మనకుంది. మా సూపులో ఇవేవీ లేవు. దీనివల్ల మరో లాభం కూడా ఉంది. ఫ్రిజ్ లేని గదిలో పాలు, వెన్న ఎండాకాలం నిలవ ఉండవు. పప్పు, గుమ్మడికాయ అయితే ఒక మూలన ఉంచినా పాడుకావు.

చిక్కదనం ఎక్కడిది?

మీగడ లేకపోతే సూపు నీళ్లలా ఉంటుందని కొందరి అనుమానం. మన ఇళ్లలో సంక్రాంతికి పెట్టే గుమ్మడికాయ దప్పళం గుర్తు చేసుకోండి. అందులో చుక్క పాలుండవు. అయినా అన్నంలో కలిపితే ఎంత చిక్కగా, కమ్మగా ఉంటుందో మనకు తెలుసు. ఈ సూపులో చిక్కదనం మూడు చోట్ల నుంచి వస్తుంది.

ఒకటి, పప్పు. పెసరపప్పు మెత్తగా ఉడికితే అందులోని పిండిపదార్థం నీళ్లు పీల్చుకుని జావలా మారుతుంది. రెండు, తీపి గుమ్మడికాయ, సొరకాయ. వీటిని ఉడికించి మెదిపితే గుజ్జంతా నీటిలో కలిసిపోతుంది. మూడు, వేయించి పొడిచేసిన వేరుశెనగ గుళ్లు. గుళ్లలోని నూనె, పిండి కలిసి మీగడ వేసినట్టు నునుపుదనం ఇస్తాయి. వేరుశెనగ పడనివారు దానికి బదులు రెండు చెంచాల రాగిపిండిని చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి పోసుకుని, పచ్చి వాసన పోయేదాకా ఉడికించాలి. రాగుల్లో కాల్షియం ఎక్కువ. పాలు తాగనివారికి అది మరీ అవసరం.

కావలసినవి (నలుగురికి)

పెసరపప్పు – 150 గ్రాములు
తీపి గుమ్మడికాయ – 300 గ్రాములు
సొరకాయ – 200 గ్రాములు
టమాటాలు – 250 గ్రాములు
క్యారెట్లు – 150 గ్రాములు
బీన్స్ లేదా గోరుచిక్కుడు – 100 గ్రాములు
ఉల్లిపాయ – పెద్దది ఒకటి
మునగాకు – రెండు గుప్పెళ్లు (దొరక్కపోతే పాలకూర లేదా తోటకూర)
వెల్లుల్లి – 6 రెబ్బలు, అల్లం – చిన్న ముక్క
మిరియాలు, జీలకర్ర – ఒక్కో చెంచా
వేయించిన వేరుశెనగ గుళ్లు – ఒక గుప్పెడు
వేరుశెనగ నూనె – 2 పెద్ద చెంచాలు
నిమ్మకాయ – ఒకటి
పసుపు, ఉప్పు, కరివేపాకు – తగినంత
నీళ్లు – ఒకటిన్నర లీటరు

ఆకు, ఉల్లి కాక కూరగాయలే కిలో అయ్యాయి. అంటే మనిషికి పావుకిలో. రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో సగానికి పైగా ఈ ఒక్క పూటలోనే అందుతుంది. సాయంత్రం బజారు ముగిసే వేళకు వెళితే కూరగాయలు చవకగా దొరుకుతాయి. వంకర క్యారెట్టయినా, మెత్తబడిన టమాటా అయినా సూపుకు పనికి వస్తుంది. కుళ్లినది మాత్రం వద్దు.

తయారు చేసే విధానం

మొదట పెసరపప్పును నూనె లేకుండా సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక కడగాలి. గుమ్మడి, సొర ముక్కలు పెద్దవిగా కోసుకోవాలి. పప్పు, ఈ ముక్కలు, చిటికెడు పసుపు, ఒక లీటరు నీళ్లు కుక్కరులో వేసి మూడు విజిల్స్ రానివ్వాలి. పప్పు పొంగుతుంది కాబట్టి కుక్కరు సగానికి మించి నింపకండి. ఆవిరంతా పోయాకే మూత తీయండి. తొందరపడి మూత లాగడం ప్రమాదం.

కుక్కరు పొయ్యి మీద ఉండగానే మిగిలిన పని చూసుకోవచ్చు. ఉల్లిపాయ, టమాటా, క్యారెట్, బీన్స్ సన్నగా తరుక్కోవాలి. అల్లం, వెల్లుల్లి దంచుకోవాలి. మిరియాలు, జీలకర్ర కచ్చాపచ్చాగా పొడి చేసుకోవాలి. వేరుశెనగ గుళ్లు పొట్టు తీసి మెత్తగా దంచుకోవాలి.

కుక్కరు దించాక మరో గిన్నెలో నూనె కాచి కరివేపాకు, ఉల్లిపాయ వేసి బంగారు రంగు వచ్చేదాకా వేయించాలి. తర్వాత అల్లం వెల్లుల్లి, ఆ తర్వాత టమాటా, ఉప్పు వేసి మెత్తబడేదాకా మగ్గనివ్వాలి. టమాటాను మొదటే పప్పుతో కలిపి కుక్కరులో పెట్టకపోవడానికి కారణం ఉంది. పులుపు తగిలితే పప్పు, ముక్కలు త్వరగా మెత్తబడవు. పప్పులో చింతపండు పులుసును మన అమ్మలు చివర పోసేదీ ఇందుకే.

ఇప్పుడు క్యారెట్, బీన్స్, మిగిలిన అర లీటరు నీళ్లు వేసి మూతపెట్టి పది నిమిషాలు ఉడికించాలి. ఈలోగా కుక్కరులోని పప్పు, గుమ్మడి, సొరకాయలను పప్పుగుత్తితో బాగా మెదపాలి. మిక్సీ అక్కర్లేదు. మెదిపినదంతా గిన్నెలో పోసి, వేరుశెనగ పొడి చల్లి, అడుగంటకుండా కలుపుతూ మరో ఐదు నిమిషాలు ఉంచాలి. చివర్లో మునగాకు, మిరియాల పొడి వేసి, ఆకు ఉడకగానే దించేయాలి. కొంచెం వేడి తగ్గాక నిమ్మరసం పిండుకోవాలి.

కుక్కరు లేనివారు దిగులు పడనక్కర్లేదు. పప్పును అరగంట నానబెట్టి, కట్టెల పొయ్యి మీద మామూలు గిన్నెలోనే ఉడికించుకోవచ్చు. కాస్త ఆలస్యమవుతుంది, రుచి మాత్రం ఏమీ తగ్గదు.

ఇందులో మన ఒంటికి ఏముంది?

పెసరపప్పులో సుమారు నాలుగో వంతు మాంసకృత్తులే. అన్నంతోగానీ, జొన్నరొట్టెతోగానీ కలిపి తింటే పప్పులో తక్కువైనవి ధాన్యం, ధాన్యంలో తక్కువైనవి పప్పు పూరిస్తాయి. గుమ్మడి, క్యారెట్లకు పసుపుపచ్చ రంగునిచ్చే కెరోటిన్ మన ఒంట్లో విటమిన్ ఎ గా మారుతుంది. కంటిచూపుకు అది ముఖ్యం. కెరోటిన్ ఒంటబట్టాలంటే కొంచెం నూనె ఉండాలి. అందుకే రెండు చెంచాల నూనె వేశాం. ఆకుకూరల్లో, పప్పులో ఉన్న ఇనుము ఒంటబట్టడానికి విటమిన్ సి తోడ్పడుతుంది. ఆ విటమిన్ వేడికి నశిస్తుంది కనుకనే నిమ్మరసం దించాక పిండమన్నాం. భోజనం కాగానే టీ తాగే అలవాటు మానుకోండి. టీ ఇనుమును ఒంటబట్టనివ్వదు. నెలసరి వల్ల రక్తహీనతకు ఎక్కువగా గురయ్యే మన చెల్లెళ్లు ఈ రెండు మాటలూ బాగా గుర్తుంచుకోవాలి.

ఆకుకూరల్లో ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ కూడా ఉంది. రక్తం పట్టడానికి అది కావాలి. 1895లో భీమవరంలో పుట్టి, ఇబ్బందుల మధ్య చదువుకుని అమెరికా వెళ్లిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోని శాస్త్రవేత్తలే 1940వ దశకంలో దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. ఆకును ఎక్కువసేపు ఉడికిస్తే ఈ విటమిన్ చాలావరకు పోతుంది. కాబట్టి ఆకు ఎప్పుడూ చివరే వేయండి.

పొరపాట్లు – సవరణలు

సూపు పలుచనైతే మూత తీసి ఇంకాసేపు మరగనివ్వండి. ఉప్పు ఎక్కువైతే వేరే గిన్నెలో రెండు గుమ్మడి ముక్కలు ఉడికించి, మెదిపి, నీళ్లతో సహా కలపండి. అడుగంటితే గీకకుండా పైనున్నది వేరే గిన్నెలోకి వంచుకోండి. ఉప్పునీటి బోర్లున్న చోట, పాతబడిన పప్పు వాడినా, పప్పు సరిగా ఉడకదు. అలాంటప్పుడు కొందరు వంటసోడా వేస్తారు. సోడా వేస్తే పప్పులోని బి విటమిన్ దెబ్బతింటుంది. దానికంటే రాత్రే నానబెట్టడం మేలు. ఫ్రిజ్ లేనివారు ఈ సూపును రెండో పూటకు ఉంచకండి. నలుగురు ఉంటే నలుగురికే వండండి.

కాలాన్ని బట్టి కూరగాయలు మార్చుకోవచ్చు. చలికాలంలో చిక్కుడు గింజలు, చిలగడదుంప, ఎండాకాలంలో బీరకాయ, దోసకాయ బాగుంటాయి. పద్ధతి మాత్రం ఒకటే. పప్పు, గుజ్జు కూర ముందు, పులుపు తర్వాత, ఆకు చివర.

చివరిగా ఒక మాట

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు" అని సామెత. హాస్టల్లో చదివిన వాళ్లందరికీ దీని అర్థం తెలుసు. గరిటె అడుగుకంటా దిగితే ముక్కలు, పైపైన తేలితే నీళ్లు. వరుసలో చివర నిలబడ్డ చిన్న తరగతి పిల్లలు పైపై నీళ్లతో సరిపెట్టుకున్న రోజులు మేము చూశాం. ఈ సూపులో ఆ బాధ లేదు. పప్పు, గుమ్మడి, సొరకాయ అంతటా కలిసిపోతాయి కనుక మొదటి గరిటె, చివరి గరిటె ఇంచుమించు ఒక్కటే. మా గదిలో ముక్కల కోసం తగాదా ఎప్పుడూ రాలేదు.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా విన్నపం ఒక్కటే. వచ్చే సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక సాయంత్రం ఈ సూపు చేయండి. పగలంతా కూలికి వెళ్లి వచ్చే అమ్మ, ఇంటికి రాగానే పొయ్యి ముందు కూర్చోవాల్సిన పని లేకుండా వేడివేడిగా ఒక గిన్నె చేతికి ఇవ్వండి. వంట ఆడవాళ్ల పనే అనుకునే అబ్బాయిలు ఈ పని తప్పకుండా చేయాలి.

పాలు పడని మా మిత్రుడు ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. మేము ఎప్పుడు కలిసినా వంట వాడిదే. "పాలు తాగనివాడికి బలం ఎక్కడిదిరా?" అని ఇప్పుడు వాడే మమ్మల్ని అడుగుతూ, గిన్నెల్లో సూపు పోస్తాడు. మేము నవ్వేసి, మరో గరిటె వేయమంటాం.

అందరూ కడుపునిండా తిని, బాగా చదువుకుని, మన హాస్టల్‌కు మంచి పేరు తేవాలని కోరుకుంటూ...

– మీ పూర్వ విద్యార్థులు