మీటరు దానంతట అది ఆగదు!

అమెరికాలో మనవాళ్లు నలుగురు కలిస్తే ఒకప్పుడు వీసా, గ్రీన్‌కార్డు కబుర్లే. ఇప్పుడు వాటి పక్కన ఇంకోటి చేరింది... క్లౌడ్ బిల్లు! పగలు కంపెనీ కోసం క్లౌడ్ మీద పనిచేసేవాళ్లే రాత్రిపూట సర్టిఫికేషన్ కోసమో, సొంతంగా ఓ చిన్న యాప్ పెడదామనో క్రెడిట్‌కార్డు నంబరిచ్చి ఖాతా తెరుస్తున్నారు. ఎమ్మెస్‌కు వచ్చిన పిల్లలదీ అదే దారి. ఆఫీసులో బిల్లు కట్టేది కంపెనీ, ఇంట్లో కట్టేది మనం. ఆ తేడా నెలాఖరుకు గానీ తెలియదు.

అమెజాన్ 2006లో సర్వర్లను గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టింది. వాడుకున్నంతకే డబ్బు అన్నమాట అందరికీ నచ్చింది. కానీ మనం నిద్రపోతున్నా సరే, ఆ సర్వర్ మన పేరున నడుస్తున్నంతసేపూ వాడుకున్నట్టే లెక్క.

తాళం వేసినా అద్దె తప్పదు

సర్వర్‌ను ఆపేశాం కదా, ఇక ఖర్చు లేదనుకుంటాం. దానికి తగిలించిన డిస్క్ మాత్రం అలాగే ఉంటుంది. అమెజాన్ వర్జీనియా కేంద్రంలో మామూలు డిస్క్ ధర నెలకు జీబీకి 8 సెంట్లు, అంటే 100 జీబీకి 8 డాలర్లు. పబ్లిక్ ఐపీ అడ్రసు తీసి పెట్టుకుంటే, వాడినా వాడకున్నా 2024 ఫిబ్రవరి నుంచి గంటకు అర సెంటు. నెలకు మూడున్నర డాలర్ల పైమాటే. పాఠంలో చెప్పారని నాట్ గేట్‌వే పెట్టి మరిచిపోతే గంటకు నాలుగున్నర సెంట్లు. అందులోంచి ఒక్క బైటు వెళ్లకపోయినా నెలకు దాదాపు 33 డాలర్లు, ఆరు నెలలకు 200!

ఇంకో చిక్కుంది. అమెజాన్ ఆర్డీఎస్ డేటాబేస్‌ను ఆపితే ఏడు రోజుల తర్వాత అదే మళ్లీ లేచి కూర్చుంటుంది. నాలుగు వారాల సెలవు మీద ఇండియా వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. అక్కర్లేనిదాన్ని ఆపితే చాలదు, పూర్తిగా తీసెయ్యాలి. ముందు డేటా కాపీ దాచుకోవడం మరవద్దు.

హెచ్చరిక వేరు, బ్రేకు వేరు

బడ్జెట్ పెట్టుకున్నాం, భయం లేదనేవాళ్లు చాలామంది. అమెజాన్‌లో అయినా గూగుల్‌లో అయినా మామూలు బడ్జెట్ చేసే పని ఈమెయిల్ పంపడమే. సర్వర్‌ను అది ఆపదు. పైగా అమెజాన్ బడ్జెట్ లెక్కలు 8 నుంచి 12 గంటలకోసారి మారతాయి. ఏఐ నేర్చుకుందామని గంటకు 20 డాలర్ల జీపీయూ యంత్రం తీసుకున్నామనుకోండి. ఈమెయిల్ వచ్చేసరికే రెండొందల డాలర్లు దాటిపోవచ్చు. శుక్రవారం సాయంత్రం మరిచిపోయి సోమవారం పొద్దున చూస్తే 60 గంటలు, 1,200 డాలర్లు.

మరి బ్రేకు లేదా? ఉంది, మనమే వేసుకోవాలి. అమెజాన్‌లో హద్దు దాటగానే ఎంచుకున్న సర్వర్లను ఆపేలా బడ్జెట్‌కు 'యాక్షన్' జోడించవచ్చు. 2025 జులై 15 తర్వాత తెరిచిన కొత్త ఖాతాలకు అందులో ఉచిత ప్లాన్ ఉంది. ఆరు నెలలు గడిచినా, ఇచ్చిన క్రెడిట్లు అయిపోయినా ఖాతా మూతపడుతుంది తప్ప కార్డు మీద పడదు. నేర్చుకునేవాళ్లు తొందరపడి పెయిడ్ ప్లాన్‌లోకి మారకపోవడం మేలు. మైక్రోసాఫ్ట్ అజూర్ ఉచిత ఖాతాలోనూ ఖర్చుకు హద్దు ఉంటుంది. వాడినంతకు కట్టే పద్ధతిలోకి మారితే అది పోతుంది.

అక్కడిదా? ఇక్కడిదా?

2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్ కేంద్రం మొదలైంది. అక్కడ పెట్టిన సర్వర్ వర్జీనియా తెరమీద కనిపించదు. అందుకే సర్వర్ల పేజీతో సరిపెట్టుకోకుండా బిల్లు పేజీలో ఏ కేంద్రంలో ఎంతయిందో చూడాలి.

సగం డాలస్‌లో, సగం హైదరాబాద్‌లో ఉండే టీముల్లో ఇంకో తంటా. ఇక్కడివాళ్లు అక్కడివాళ్లదనుకుంటారు, అక్కడివాళ్లు ఇక్కడివాళ్లదనుకుంటారు. ఎవరూ తీయరు. ప్రతి సర్వర్‌కూ ఓ మనిషి పేరు, తీసేయాల్సిన తేదీ ట్యాగ్‌గా పెడితే ఈ గొడవ ఉండదు. వారానికి 168 గంటలు. టెస్ట్ సర్వర్ రోజుకు 12 గంటల చొప్పున ఐదు రోజులు నడిస్తే 60 గంటలే. మిగతా సమయం ఆపితే సర్వర్ అద్దెలో 64 శాతం మిగులుతుంది. రెండు దేశాల్లో పని నడిస్తే రాత్రనేదే ఉండదు, నిజమే. వారాంతం ఆపినా పావు వంతుకు పైనే మిగులు. ఖర్చు తగ్గించమని పైనుంచి ఒత్తిడి వస్తే కోత సర్వర్లతో ఆగకపోవచ్చు, మనుషుల దాకా రావచ్చు. అందుకే ఇది ఫైనాన్స్ వాళ్ల తలనొప్పి అని వదిలేయలేం.

అప్పటికే పెద్ద బిల్లు వచ్చిందా? ముందు నడుస్తున్నవన్నీ తీసేసి, అదేరోజు కంపెనీ సపోర్టుకు జరిగింది జరిగినట్టు రాయండి. పొరపాటని తెలిస్తే మినహాయింపు ఇచ్చిన సందర్భాలున్నాయి. అయితే అది వాళ్ల దయే తప్ప మన హక్కు కాదు.

ఈ శనివారం కాఫీ తాగుతూ ఓ పదినిమిషాలు బిల్లు పేజీ తెరిచి చూడండి. ఎందుకు ఉందో గుర్తురాని వస్తువు ఒక్కటైనా కనిపిస్తే, దాని సంగతి ఆరోజే తేల్చేయండి!