పరాయి ఊళ్ళో నిలదొక్కుకోవడం: రాజపాళయం నేర్పే పాఠాలు

కొడుక్కి మెల్‌బోర్న్‌లో సీటొచ్చినా, కూతురికి డాలస్‌లో ఉద్యోగమొచ్చినా మన ఇళ్ళలో ముందు మొదలయ్యేది సూట్‌కేసు చర్చ. ఆవకాయ సీసా ఎక్కడ సర్దాలి, కుక్కర్ పడుతుందా, కందిపొడి అక్కడ దొరుకుతుందా? అవన్నీ దొరుకుతాయి. దొరకనివి వేరే ఉంటాయి. పేరు ఏ కాగితంలో ఎలా పడింది, ఇంటి అడ్వాన్సు తిరిగొస్తుందా, ఎవరిని నమ్మాలి, పిల్లలు ఏ భాషలో చదవాలి అన్న ప్రశ్నలు విమానం దిగిన కొన్ని నెలలకు గానీ ఎదురు రావు.

ఈ ప్రశ్నలు తెలుగువాళ్ళకు కొత్తవేమీ కావు. తమిళనాడు విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాన రాజపాళయం అనే ఊరుంది. విజయనగర రాజుల కాలంలోనూ, ఆ తర్వాత మదురై నాయకుల ఏలుబడిలోనూ దక్షిణానికి తరలిన తెలుగు కుటుంబాల్లో కొన్ని ఇక్కడ స్థిరపడ్డాయి. వాళ్ళలో రాజులనే కులంవారి పేరు మీదే ఊరు నిలిచింది. ఇన్ని తరాల తర్వాత కూడా ఆ ఇళ్ళలో తెలుగు వినిపిస్తుంది. గడప దాటితే తమిళమే. ఇక్కడివాళ్ళు అప్పటి మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిని ఇచ్చారు, మిల్లులు పెట్టారు, తమిళ సాహిత్యంలో పేరు తెచ్చుకున్నారు. ఒక పొరపాటూ చేశారు. ఇవాళ దేశం దాటి వెళ్ళేవాళ్ళకు ఈ ఊరి అనుభవం బాగా పనికొస్తుంది.

అందరూ ఒకేలా రాలేదు

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. వలస వెళ్ళినవాళ్ళ విజయాలను వాళ్ళ కష్టానికో తెలివికో కట్టబెట్టడం మనకు అలవాటు. దక్షిణ తమిళనాడుకు వచ్చిన తెలుగువాళ్ళలో రాజులు, కమ్మవారు, రెడ్లు, నాయుళ్ళే కాదు, అరుంధతీయులూ ఉన్నారు. వాళ్ళింట్లోనూ తెలుగే. కానీ సైన్యంతో, అధికారంతో సంబంధం ఉన్నవాళ్ళకు భూమి దక్కింది. అరుంధతీయులకు తోలు పని, పారిశుద్ధ్య పని మిగిలాయి. 2009లో తమిళనాడు ప్రభుత్వం ఎస్సీ కోటాలోనే వాళ్ళకు 3 శాతం ప్రత్యేకంగా కేటాయించాల్సి వచ్చింది.

అందుకే పరాయి దేశంలో ఎవరు ఎలా నిలదొక్కుకున్నారని విన్నప్పుడు, ఏ వీసా మీద, ఏ పొదుపుతో వెళ్ళారో కూడా అడగండి. ఐటీ ఉద్యోగి సలహా గల్ఫ్‌కు వెళ్ళే మేస్త్రీకి పనికిరాదు. పదో తరగతి పాసు కాని వ్యక్తి గల్ఫ్ దేశాలు, మలేసియా సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే అనుమానించాల్సిందే. ప్రవాసీ భారతీయ బీమా యోజనలో రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయలు కడితే ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల బీమా ఉంటుంది. ఆ పాలసీ కాగితం ఒక కాపీ ఇంట్లో ఉంచి వెళ్ళాలి. ఆపద వస్తే దాన్ని వెతకాల్సింది ఇంట్లోవాళ్ళే.

పేరు సంగతి ముందు తేల్చుకోండి

మద్రాసు రాష్ట్రానికి 1949 నుంచి 1952 వరకు ముఖ్యమంత్రిగా, ఆ తర్వాత ఒడిశా గవర్నరుగా పనిచేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా రాజపాళయం వాసి. ఆయన పేరులోని ‘పి’ అంటే పూసపాటి. ఆంధ్రలో ఇంటిపేరు పూర్తిగా రాస్తాం. తమిళనాట అది ఒక్క అక్షరానికి కుదించుకుపోయి ఇనీషియల్‌గా మిగులుతుంది. పైగా తమిళ లిపిలో ట, డ రెంటికీ ఒకటే అక్షరం. ప, బ, భలకూ ఒకటే. పూసపాటి అని తమిళంలో రాస్తే పూసపాడి అని చదువుతారు. ఆ చదువును మళ్ళీ ఇంగ్లీషులోకి దించితే స్పెల్లింగ్ మారుతుంది. ఒకే మనిషికి రేషన్ కార్డులో ఒక పేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకో పేరు పడేది ఇలాగే.

ఊళ్ళో ఉన్నంతకాలం దీంతో ఇబ్బంది లేదు. అందరూ మనల్ని ఎరిగినవాళ్ళే. దేశం దాటితే మనల్ని ఎరిగింది కాగితం ఒక్కటే. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉండి రెండో గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో ఆ పేరు ఇంటిపేరుగా పడి, సొంత పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని వస్తుంది. మొదటి పేరు తెలియదని దానర్థం. ఆ మూడక్షరాలు అక్కడ డ్రైవింగ్ లైసెన్స్ దాకా, బ్యాంకు ఖాతా దాకా వెంటాడతాయి. 2022 నవంబరులో యూఏఈ కూడా పాస్‌పోర్టులో ఒకే పేరున్నవారికి విజిట్ వీసా ఇవ్వబోమంది. తర్వాత రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని సడలించింది.

చేయాల్సింది ఇది. వీసాకు దరఖాస్తు చేయకముందే ఆధార్, పాన్, పదో తరగతి సర్టిఫికెట్, డిగ్రీ, పాస్‌పోర్టు ఒక బల్ల మీద పరిచి అక్షరం అక్షరం పోల్చండి. ఇంటిపేరును, సొంత పేరును వేర్వేరు గడుల్లో, ఇనీషియల్స్ విప్పి రాసిన పాస్‌పోర్టు తీసుకోండి. ఇప్పటికే ఒకే గడిలో ఉంటే రీ-ఇష్యూకి పెట్టుకోండి. ఇక్కడ వారాల్లో తెమిలే పని అక్కడికెళ్ళాక నెలలు తింటుంది.

వీధి భాష మొదటి ఏడాదిలోనే

రాజపాళయం బస్టాండులో టౌన్ బస్సుల మీద ఊరి పేర్లు తమిళంలోనే ఉంటాయి. ఆ అక్షరాలు రాని కొత్తవాళ్ళు బస్సు బస్సుకూ కండక్టర్‌ని అడుగుతూ తిరగాలి. చిన్న ఇబ్బందిలా కనిపిస్తుంది గానీ, ఇంకొకరిని అడగకుండా పని జరుపుకోలేని మనిషి బేరం ఆడలేడు, ఫిర్యాదు చేయలేడు, పిల్లల టీచరుతో మాట్లాడలేడు.

ఇక్కడి తెలుగు కుటుంబాలు వచ్చిన చోటి భాషను ఇష్టంగా నేర్చుకున్నాయి. బడి, కోర్టు, సంత, సాహిత్యం అన్నీ తమిళంలో. అంతమాత్రాన ఇంటి భాష పోలేదు. ఒక భాష నేర్చుకుంటే రెండోది పోతుందన్న భయం అనవసరమని చెప్పడానికి ఈ ఊరే సాక్ష్యం.

జర్మనీకి వెళ్ళేవారు ఆఫీసులో ఇంగ్లీషు చాలుననుకుంటారు. ఇంటి అద్దె ఒప్పందం, పన్ను నోటీసు, పిల్లల బడి ఉత్తరాలు జర్మన్‌లో వస్తాయి. ఇంగ్లీషు దేశాలకు వెళ్ళినా యాస పట్టుబడాలి. ఫోన్‌లో చెప్పింది అర్థం కాకపోయినా ‘ఓకే’ అనేయడం మనవాళ్ళలో కొందరికి అలవాటు. ‘మెయిల్‌లో పంపండి’ అని అడగడం మొదటి రోజు నుంచే మొదలుపెట్టండి. రాసి ఉన్నది మళ్ళీ చదువుకోవచ్చు, ఇంకొకరికి చూపించవచ్చు.

ఇల్లు, అడ్వాన్సు

ఉద్యోగం మీద తెలుగు జిల్లాల నుంచి ఈ ప్రాంతానికి వచ్చేవారికి మొదట ఎదురయ్యేది ఇంటి అడ్వాన్సు. తమిళనాడులో 2019 నుంచి అమల్లో ఉన్న అద్దె చట్టం ప్రకారం, వేరేగా ఒప్పందం రాసుకుంటే తప్ప, మూడు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, రెంట్ అథారిటీ దగ్గర నమోదు కావాలి. మదురై చుట్టుపక్కల ‘ఒత్తి’ పద్ధతి కూడా ఉంది. పెద్ద మొత్తం ఒకేసారి యజమానికి ఇస్తే నెలనెలా అద్దె ఉండదు, ఖాళీ చేసేటప్పుడు ఆ మొత్తం తిరిగి ఇస్తారు. వినడానికి లాభసాటిగా ఉంటుంది. రిజిస్ట్రేషన్ లేకుండా నోటి మాట మీద ఒత్తికి దిగితే మాత్రం ఇచ్చిన సొమ్ము యజమాని దయ మీద ఆధారపడుతుంది. కరెంటు బిల్లు ఇక్కడ రెండు నెలలకోసారి వస్తుంది, ఇళ్ళకు మొదటి 100 యూనిట్లు ఉచితం. చేరేముందే మీటర్ ఎవరి పేరున ఉందో, విడిగా ఉందో లేదో చూసుకోవాలి.

బయటి దేశాల్లో పద్ధతి వేరు, జాగ్రత్త ఒకటే. ఇంగ్లండ్, వేల్స్‌లలో యజమాని మీ డిపాజిట్‌ను 30 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన పథకంలో నమోదు చేయాలి. ఆస్ట్రేలియాలో బాండ్ సొమ్ము ప్రభుత్వ సంస్థ దగ్గర ఉంటుంది. ఎక్కడైనా సరే, తాళం చేతికొచ్చిన రోజే గోడలు, సింకు, స్టవ్వు, కార్పెట్ ఫొటోలు తీసి తేదీతో యజమానికి మెయిల్ చేయండి. ఖాళీ చేసే రోజు వాదన వస్తే ఆ మెయిలే మీ పక్షాన మాట్లాడుతుంది.

మనవాళ్ళు ఎంతవరకు?

రాజపాళయంలో రాజులకు చావడులున్నాయి. పెళ్ళిళ్ళు, పండుగలు, తగవుల పరిష్కారం, కొత్తవారి బాగోగులు అక్కడ సాగుతాయి. కొత్తచోట మొదటి ఆసరా ఎప్పుడూ ఇలాంటి చోటనే దొరుకుతుంది. అమెరికాలో తానా, సింగపూర్‌లో తెలుగు సమాజం, మారిషస్‌లో ఆంధ్ర మహాసభ చేసేదీ దాదాపు ఆ పనే.

అయితే ఈ ఊరు చావడి దగ్గర ఆగిపోలేదు. పి.ఎ.సి. రామసామి రాజా 1936లో రాజపాళయం మిల్స్ పెట్టారు. ఆ పునాది మీదే రామ్‌కో సంస్థలు పెరిగాయి. 1973లో రాజుల కళాశాల వచ్చింది. కుమారస్వామి రాజా తన ఇంటినే గాంధీ కళామందిరానికి ఇచ్చేశారు. మిల్లులో పని, కాలేజీలో సీటు, కళామందిరంలో కచేరీ ఊరందరివీ. ఊరు వీళ్ళను తనవాళ్ళుగా ఒప్పుకోవడానికి చావడి కంటే ఇవే ఎక్కువ తోడ్పడ్డాయి.

ఈ తేడా గుర్తుంచుకోండి. దిగిన కొత్తలో సంఘం వాట్సప్ గ్రూపు ఎంతో మేలు చేస్తుంది. ఏ దుకాణంలో చింతపండు దొరుకుతుంది, ఏ పిల్లల డాక్టరు ఓపికగా వింటారు అన్నవి అక్కడే తెలుస్తాయి. కానీ వీసా, పన్ను, చట్టం సంగతులు గ్రూపులో అడిగి నిర్ణయించుకోవద్దు. ఒకరి కేసులో జరిగింది మీ కేసులో జరగాలని లేదు. వాటికి ప్రభుత్వ వెబ్‌సైటు, లైసెన్స్ ఉన్న లాయరు, అకౌంటెంటు ఉన్నారు. ఏడాది తిరిగేలోపు తెలుగువాళ్ళు కానివారు ఉండే ఏదో ఒక చోట సభ్యులవ్వండి. బడి పేరెంట్స్ కమిటీ, లైబ్రరీ, క్రికెట్ క్లబ్, ఏదైనా ఫరవాలేదు. ఉద్యోగం పోయిన రోజున కొత్త దారి చాలాసార్లు ఆ పరిచయాల్లోంచే వస్తుంది.

ఇక్కడ వదిలి వెళ్ళేవి

ప్రవాసీగా మారాక మామూలు సేవింగ్స్ ఖాతాను అలాగే నడపడం విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) నిబంధనలకు విరుద్ధం. దాన్ని ఎన్ఆర్‌ఓగా మార్పించాలి. విదేశీ సంపాదనకు ఎన్ఆర్ఈ ఖాతా వేరుగా తెరవాలి. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, ఎన్ఆర్‌ఓ వడ్డీకి ఉంది.

రాజపాళయం చుట్టూ మామిడి తోపులున్న కుటుంబాల్లో పిల్లలు బయటి దేశాల్లో ఉంటే ఇంకో సంగతి ముందుకొస్తుంది. ప్రవాసులు సాగు భూమిని వారసత్వంగా పొందవచ్చు గానీ కొనలేరు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ మధ్య పంపకాలు, పట్టా మార్పులు వెళ్ళేముందే చూసుకోవడం మంచిది. ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి నుంచి పంపాల్సి వస్తే భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించాలి. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ‘అన్ని అధికారాలూ’ అని రాయకుండా ఏ పనికో ఆ పనికే, గడువు పెట్టి ఇవ్వండి.

ఆలస్యం చేయకూడనిది

రాజపాళయం లెక్క తప్పింది ఒక్క చోటే. ఇంట్లో తెలుగు మాట నిలిచింది, తెలుగు అక్షరం నిలవలేదు. తమిళనాడు తెలుగు ఇళ్ళలో చాలామంది తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. పెళ్ళి కార్డు తమిళంలోనే అచ్చవుతుంది. 1968 నుంచి రాష్ట్రంలో రెండు భాషల విధానం ఉంది. 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. కొత్తచోటి ప్రభుత్వం తన భాష నేర్పించుకోవడం సహజమే. మన లిపి నేర్పే పని ఇంటి మీద పడింది, ఇల్లు దాన్ని పట్టించుకోలేదు.

పట్టించుకుంటే ఏమవుతుందో చూపినవారూ ఈ ఊళ్ళోనే ఉన్నారు. శ్రీకృష్ణదేవరాయలు తెలుగులో రాసిన ఆముక్తమాల్యద కథ జరిగేది పొరుగునే ఉన్న శ్రీవిల్లిపుత్తూరులో. దాన్ని తమిళంలోకి తెచ్చింది రాజపాళయానికి చెందిన బహుభాషావేత్త ము.కు. జగన్నాథ రాజా. ఆ అనువాదానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగు మాట్లాడటంతో సరిపెట్టుకోక చదవడం కూడా వచ్చింది కాబట్టే ఆయన ఆ పని చేయగలిగారు.

అమెరికాలో సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి చేస్తున్నది ఈ లోటు పూడ్చే పనే. మీరున్న ఊళ్ళో అలాంటి తరగతి ఉంటే పిల్లల్ని పంపండి. లేకపోతే వారానికి రెండు రోజులు అరగంట చొప్పున మీరే కూర్చోండి. ముందు వాళ్ళ పేరు, తర్వాత అమ్మమ్మకు రెండు వాక్యాల ఉత్తరం, ఆపైన కథల పుస్తకం. బడిలో ఇంకో లిపి ధారాళంగా చదవడం వచ్చాక మనది భారమనిపిస్తుంది కాబట్టి ఏడెనిమిదేళ్ళ లోపే మొదలుపెట్టాలి. పాస్‌పోర్టులో తప్పు పడితే ఎప్పటికైనా దిద్దించుకోవచ్చు, అడ్వాన్సు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. ఒక తరం చదవడం మానేస్తే, తర్వాతి తరానికి నేర్పేవాళ్ళు ఇంట్లో ఉండరు.