ఒకే క్షణము, పెక్కు గడియారములు

శంషాబాదు విమానాశ్రయమునుండి అర్ధరాత్రి దాటిన పిమ్మట దూరదేశములకు బయలుదేరు విమానములు పెక్కు కలవు. ఒక ప్రయాణికుని టిక్కెట్టుపై "15వ తేదీ, 01:30" అని యున్నదనుకొందము. అతడు ఇల్లు వదలవలసినది ఏ రాత్రి? 15వ తేదీ రాత్రి భోజనము చేసి, పది గంటలకు విమానాశ్రయము చేరినచో, విమానము వెళ్లిపోయి అప్పటికి ఇరువది గంటలు దాటియుండును. అతడు 14వ తేదీ రాత్రియే బయలుదేరవలసి యుండెను.

ఈ పొరపాటునకు కారణము అజాగ్రత్త మాత్రమే కాదు. మన పంచాంగములో దినము సూర్యోదయముతో ఆరంభమగును. తెల్లవారువరకు "నిన్నటి రాత్రి" అనియే మన వాడుక. టిక్కెట్టును ముద్రించు కంప్యూటరునకు దినము అర్ధరాత్రితోనే మారును. క్షణము ఒక్కటే, దానికి పెట్టిన పేర్లు మాత్రము రెండు. తేదీ, గంట అనునవి క్షణమునకు మనము పెట్టుకొన్న పేర్లని గ్రహించినచో, సాఫ్ట్‌వేర్ వ్రాయువారిని వేధించు ఒక పెద్ద చిక్కు సులభముగా బోధపడును.

తుక్కుగూడలో మధ్యాహ్నము ఎప్పుడు?

భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును. అనగా ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషములు పట్టును. మన దేశపు ప్రామాణిక కాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి ఏర్పడినది. ఆ రేఖ ఆంధ్రప్రదేశములో తుని ప్రాంతమున పోవుచున్నది. శ్రీశైలము రహదారిపై, విమానాశ్రయమునకు తూర్పుగా ఉన్న తుక్కుగూడ రేఖాంశము సుమారు 78½ డిగ్రీలు. భేదము 4 డిగ్రీలు. కాలములో 16 నిమిషములు. కావున తుక్కుగూడలో సూర్యుడు నడిమింటికి వచ్చునప్పటికి గడియారములో సగటున 12 గంటల 16 నిమిషములు అగును.

పూర్వము ప్రతి ఊరికిని తన సూర్యుడే గడియారము. రైళ్లు వచ్చిన తరువాత ఈ పద్ధతి సాగలేదు. ఊరూరికి గడియారమును మార్చుచు రైలు నడుపుట ఎట్లు? అందుచే మద్రాసు వేధశాల కాలమును రైల్వేలు చాలకాలము పాటించినవి. అది గ్రీనిచ్ కాలముకంటె 5 గంటల 21 నిమిషములు ముందుండెడిది. 1906 జనవరి 1 నుండి 5½ గంటల ప్రామాణిక కాలము అమలులోనికి వచ్చినది. అయినను కలకత్తా 1948 వరకును, బొంబాయి 1955 వరకును తమ స్థానిక కాలములను విడువలేదు. రెండవ ప్రపంచ యుద్ధ సమయమున, 1942 సెప్టెంబరు నుండి 1945 అక్టోబరు వరకు, దేశమంతటను గడియారములను మరియొక గంట ముందునకు జరిపిరి. పాత రికార్డులలోని సమయమును నేటి లెక్కకు తెచ్చు ప్రోగ్రాము ఈ చరిత్రనంతటిని ఎరిగియుండవలెను.

యంత్రము కాలమును ఎట్లు లెక్కించును?

కంప్యూటరులలో అధికభాగము తేదీలను లెక్కింపవు, సెకనులను లెక్కించును. 1970 జనవరి 1వ తేదీ, సమన్వయ విశ్వకాలము ప్రకారము 00:00 గంటలను సున్నగా తీసికొని, నాటినుండి గడచిన సెకనులను ఒకే సంఖ్యగా ఉంచుకొనును. అప్పుడప్పుడు చేర్చెడి అధిక సెకనులను ఈ లెక్కలో కలుపరు.

ఒక ఉదాహరణము. ఈ సంఖ్య 100 కోట్లు అయినపుడు విశ్వకాలము 2001 సెప్టెంబరు 9, 01:46:40. మన కాలమునకు 5½ గంటలు, అనగా 19,800 సెకనులు కలుపవలెను. అప్పుడు తుక్కుగూడలో 9వ తేదీ ఉదయము 07:16:40. న్యూయార్కులో ఆ ఋతువున 4 గంటలు తీసివేయవలెను. అచట ఇంకను 8వ తేదీ రాత్రి 09:46:40. సంఖ్య ఒక్కటే, తేదీలు మాత్రము రెండు.

అమెరికాలోని తెలుగువారికి కొన్ని పండుగలు మనకంటె ఒకదినము ముందుగా వచ్చుటకు కారణము కూడ ఇదియే. తిథి ముగియు క్షణము భూమికంతటికి ఒక్కటే. కాని ఆ క్షణము ఏ ఊరి సూర్యోదయమునకు ముందు వచ్చినది, ఏ ఊరి సూర్యోదయమునకు పిమ్మట వచ్చినది అను దానిని బట్టి దినము నిర్ణయమగును. హైదరాబాదు పంచాంగములోని గంటలను అటులనే డల్లాసులో వాడరాదు.

విమానములు నడుపువారు ఈ చిక్కును ముందుగనే తొలగించుకొనిరి. వాతావరణ నివేదికలు, ప్రయాణ ప్రణాళికలు అన్నియు విశ్వకాలములోనే యుండును. ప్రయాణికునికి మాత్రము ఆయా ఊరి కాలమును చూపుదురు. హైదరాబాదులో 10:00 గంటలకు బయలుదేరిన విమానము నాలుగు గంటలు ఎగిరినచో, దుబాయిలో దిగునపుడు అచటి గడియారము 12:30 చూపును. ప్రయాణము రెండున్నర గంటలే పట్టినట్లు తోచును. తిరుగు ప్రయాణమున అదియే ఐదున్నర గంటలుగా కనిపించును. ఒక గంటను మరియొక గంటనుండి తీసివేయుటకు ముందు రెండింటిని ఒకే కాలమునకు తేవలెను.

కదలు గడియారములు

మన గడియారము ఏడాది పొడవునను మారదు. అమెరికాలో పెక్కుచోట్ల మార్చి రెండవ ఆదివారమున గడియారమును ఒక గంట ముందునకు, నవంబరు మొదటి ఆదివారమున వెనుకకు జరుపుదురు. మార్చిలోని ఆ రాత్రి 2:30 అను సమయమే ఉండదు. నవంబరులోని ఆ రాత్రి 1:30 రెండుసార్లు వచ్చును.

తుక్కుగూడలోని ఒక ఉపాధ్యాయుడు డల్లాసులోని పిల్లలకు ప్రతి శనివారము అచటి రాత్రి 7:30కు పాఠము చెప్పుచున్నాడనుకొందము. వేసవిలో ఇచట ఆదివారము ఉదయము 6:00. నవంబరు మార్పు తరువాత 7:00. ప్రోగ్రాము వ్రాసినవాడు విశ్వకాలమును మాత్రమే భద్రపరచినచో, నవంబరులో పాఠము పిల్లలకు 6:30కే వచ్చిపడును. కావున జరిగిపోయిన సంఘటనకు విశ్వకాలము చాలును. జరుగబోవు కార్యమునకు మాత్రము స్థానిక సమయమును, కాలమండలము పేరును గూడ వ్రాసియుంచవలెను.

ఈ మార్పుల చరిత్రను ఒక ఉమ్మడి పట్టికగా సేకరించి ప్రపంచమంతటను వాడుచున్నారు. అందు మన దేశమంతటికి ఉన్న పేరు "ఆసియా/కోల్‌కతా". తుక్కుగూడలోని ఫోనులోను ఈ పేరు కనిపించుట చూచి ఆశ్చర్యపడనక్కరలేదు.

వ్రాయు పద్ధతి

"04/07/2025" అనిన మనకు జూలై 4. అమెరికావారికి ఏప్రిల్ 7. విశ్వవిద్యాలయపు దరఖాస్తుకు గడువు ఇట్లు వ్రాసినచో ఒక విద్యార్థి సంవత్సరమే వృథా కావచ్చును. 1988లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 8601 అను అంతర్జాతీయ ప్రమాణము ఈ సందేహమును తీర్చినది. ముందు సంవత్సరము, పిదప నెల, దినము, గంట, నిమిషము, సెకను, చివర విశ్వకాలమునకు గల భేదము: 2025-07-04 18:40:00 +05:30. తేదీకిని గంటకును నడుమ "టీ" అను ఆంగ్లాక్షరమును ఉంచుదురు. భేదము లేనిచో చివర "జడ్" అను అక్షరము వ్రాయుదురు. పెద్ద కొలత ముందుండుటచే, ఒకే కాలములో వ్రాసిన తేదీలను అక్షరక్రమమున పేర్చినచో అవి కాలక్రమమున తామే అమరును. ఇది యంత్రములు తమలో తాము మాటాడుకొను పద్ధతి. చదువరికి చూపునపుడు "4 జూలై 2025, సాయంత్రము 6:40" అని అతని భాషలో చూపవలెను. భద్రపరచుట వేరు, చూపుట వేరు.

కొన్ని తేదీలకు గంటతో పనిలేదు. పుట్టిన తేదీ అట్టిది. 15 ఆగస్టున పుట్టిన బాలిక తేదీని ప్రోగ్రాము "15వ తేదీ, 00:00, భారత కాలము" అని తలచి విశ్వకాలమునకు మార్చినచో అది 14వ తేదీ 18:30 అగును. వేరొక యంత్రము గంటను విడిచి దినమును మాత్రము ముద్రించినచో సర్టిఫికెట్టుపై 14 పడును. దిద్దించుకొనుటకు ఆ బాలిక ఎన్ని కార్యాలయముల చుట్టు తిరుగవలెనో! అట్టి తేదీని తేదీగానే ఉంచవలెను, కాలమండలమును అంటగట్టరాదు.

విద్యార్థులు చేయదగిన పని

పాఠశాల ఆవరణలో ఒక నిటారైన కర్ర నాటి, 11:45 నుండి 12:45 వరకు రెండు నిమిషములకొకసారి నీడ కొనను గుర్తింపుడు. నీడ ఉత్తర దక్షిణముగా నిలిచిన సమయమే మీ ఊరి నిజమైన మధ్యాహ్నము. భూమి కక్ష్య సరియైన వృత్తము కాకపోవుటచేతను, దాని అక్షము వంగియుండుటచేతను ఈ సమయము ఏడాదిలో మారుచుండును. తుక్కుగూడలో నవంబరు మొదటి వారమున అది దాదాపు 12:00కే వచ్చును. ఫిబ్రవరి నడుమ 12:30 వరకు పోవును. మీ లెక్కను తునిలోని పాఠశాలవారి లెక్కతో పోల్చి చూడుడు. ఒకేనాడు చూచినచో రెండింటికిని నడుమ సుమారు 16 నిమిషముల భేదము కనిపించును.