మీకు తెలుసా? లీటరు పెట్రోలులో 200 మిల్లీలీటర్లు పెట్రోలు కాదు

అనకాపల్లి జిల్లా రాంబిల్లిలో బండికి లీటరు పెట్రోలు కొట్టిస్తే ట్యాంకులోకి వెళ్లేది 800 మిల్లీలీటర్ల పెట్రోలు, 200 మిల్లీలీటర్ల ఇథనాల్. చెరకు రసం, చక్కెర తీశాక మిగిలే మడ్డి, నూకలు, మొక్కజొన్న లాంటివాటిని పులియబెట్టి, బట్టీ పట్టి, అందులోని నీటిని దాదాపు పూర్తిగా లాగేస్తే వచ్చేదే ఈ ఇథనాల్. నూటికి ఇరవై పాళ్లు కలిస్తే ఆ పెట్రోలును ఈ20 అంటారు. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో మొదలైనప్పుడు ఇది కొన్ని బంకుల్లోనే దొరికేది. 2025కి వచ్చేసరికి దేశమంతటా మామూలు పెట్రోలు అంటే ఇదే అయిపోయింది.

మైలేజీ తగ్గిందని అచ్యుతాపురం సెజ్‌కు రోజూ బండి మీద వెళ్లొచ్చే కుర్రాళ్లు అంటుంటారు. అది వట్టి అనుమానం కాదు. లీటరు పెట్రోలు మండితే సుమారు 32 మెగాజౌల్స్ శక్తి వస్తుంది, లీటరు ఇథనాల్ మండితే 21 మాత్రమే. ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ముందే ఉంటుంది. అంటే ఆ మేరకు అది ముందే కాలిపోయిన ఇంధనం కింద లెక్క. రెండింటినీ 80:20 పాళ్లలో కలిపి లెక్క వేస్తే లీటరు ఈ20లో ఉండేది 29.8 మెగాజౌల్స్. ఏమీ కలపని పెట్రోలుతో పోలిస్తే నూటికి దాదాపు ఏడు తక్కువ.

అయితే ఇక్కడ చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. మన బంకుల్లో 2022 జూన్ నాటికే పది శాతం ఇథనాల్ కలుస్తోంది, అంటే అది ఈ10. కాబట్టి ఈ20 వచ్చాక కొత్తగా తగ్గిన శక్తి మూడున్నర శాతమే. మిగతా సగం మనకు తెలియకుండా అంతకుముందే పోయింది.

నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన ఇథనాల్ నివేదికలోనూ ఈ నష్టం అంచనా ఉంది. ఏమీ కలపని పెట్రోలు కోసం తయారై, ఈ10కి సర్దుబాటు చేసిన కార్లు ఈ20తో నడిస్తే 6 నుంచి 7 శాతం, అలాంటి ద్విచక్ర వాహనాలు 3 నుంచి 4 శాతం మైలేజీ కోల్పోతాయని అందులో రాశారు. ఈ10 కోసం తయారై ఈ20కి సర్దుబాటు చేసిన కార్లలో నష్టం 1 నుంచి 2 శాతం. డబ్బులోకి మార్చి చూద్దాం. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండి 48 ఇస్తోందనుకోండి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే మనిషికి 20 లీటర్ల బదులు 20.8 లీటర్లు పడుతుంది. లీటరు 110 రూపాయలు అనుకుంటే నెలకు తొంభై రూపాయల పైచిలుకు అదనం. ఉన్నవాడికి అదో లెక్క కాకపోవచ్చు. రోజు కూలి మీద బతికే ఇంట్లో, ఏడాది పొడుగునా, అది లెక్కే.

మరి శక్తి ఏడు శాతం తక్కువైతే ఈ20 కోసం తయారైన కొత్త బండ్లలో మైలేజీ అంత పడిపోదేం? దానికి కారణం ఆక్టేన్. ఇంజిన్‌లో ఇంధనం స్పార్కు రాజేసిన మంట చేరకముందే తనంతట తాను అంటుకుంటే టకటకమని కొట్టుకుంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. అలా అంటుకోకుండా తట్టుకునే గుణానికి కొలతే ఆక్టేన్. బీఎస్6 కాలుష్య ప్రమాణం ప్రకారం మామూలు పెట్రోలుకు ఉండాల్సిన ఆక్టేన్ 91, ఈ20కి 95 దాకా వస్తుంది. పైగా ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కంటే చాలా ఎక్కువ వేడిని పీల్చుకుని సిలిండర్‌లోకి వెళ్లే గాలిని చల్లబరుస్తుంది. ఈ రెండింటినీ వాడుకునేలా కంప్రెషన్ పెంచి, స్పార్కు వేళను కాస్త ముందుకు జరిపి ఇంజిన్ చేస్తే పోయిన శక్తిలో కొంత తిరిగి రాబట్టవచ్చు. పాత ఇంజిన్‌కు ఆ ఏర్పాటు లేదు. ఎక్కువ ఆక్టేన్ పోసినా అది దాన్ని వాడుకోలేదు.

కార్బురేటర్ ఉన్న పాత బండికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే ఇథనాల్ కలిసినప్పుడు అదే గాలికి ఇంధనం ఎక్కువ పడాలి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బండ్లలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చూసి చెబుతుంటే కంప్యూటర్ ఇంధనం పాలు సరిచేస్తుంది. కార్బురేటర్‌లోని జెట్ మాత్రం ఒక రంధ్రం, అంతే. ఏది పోసినా అది వదిలేది ఒకే లెక్క. దాంతో ఇంధనం పాలు తగ్గి, పికప్ మందగించి, ఇంజిన్ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. మెకానిక్‌తో కార్బురేటర్ ట్యూనింగ్ సరిచేయించుకుంటే చాలావరకు కుదురుకుంటుంది.

ఇక రాంబిల్లి లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో అందరూ అడిగేది తేమ గురించి. ఇథనాల్ నీటిని ఇష్టంగా పీల్చుకుంటుంది, పెట్రోలుకు నీళ్లంటే పడదు. 15 డిగ్రీల దగ్గర లీటరు ఈ10 పెట్రోలు సుమారు ఐదు మిల్లీలీటర్ల నీటిని తనలో ఇముడ్చుకోగలదు, ఈ20 ఇంకొంచెం ఎక్కువే ఇముడ్చుకుంటుంది. ఆ హద్దు దాటితే మాత్రం ఇథనాల్ నీళ్లతో చేయి కలిపి పెట్రోలును వదిలేసి ట్యాంకు అడుగుకు దిగిపోతుంది. ఇంజిన్‌కు వెళ్లే గొట్టం ఉండేదీ అడుగునే. రోజూ నడిచే బండికి ఉప్పుగాలి తేమతో ఇంత ప్రమాదం రాదు, ఆ కాస్త నీరు పెట్రోలుతో పాటే వెళ్లిపోతుంది. అసలు భయం తుపాను వానలప్పుడు. మూత రబ్బరు అరిగిన ట్యాంకులోకి నీళ్లు దిగినప్పుడు, నెలల తరబడి సగం ట్యాంకుతో బండిని మూల పెట్టినప్పుడు జాగ్రత్తగా ఉండాలి.

ఫోన్లలో తిరిగే వీడియోలు మీరూ చూసే ఉంటారు. సీసాలో పెట్రోలు పోసి, కొన్ని నీళ్లు కలిపి ఊపి, అడుగున నీళ్ల మట్టం పెరిగిందని చూపించి బంకులో నీళ్లు కలిపారని తేల్చేస్తారు. అడుగున చేరింది వాళ్లు పోసిన నీళ్లు, దాంతో కలిసిపోయిన ఇథనాల్. 100 మిల్లీలీటర్ల ఈ20లో 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి ఊపితే అడుగు పొర 30కి దగ్గరగా వస్తుంది. అది కల్తీకి రుజువు కాదు, ఇథనాల్ ఉందనడానికి రుజువు. ఇముడ్చుకునే హద్దు దాటి నీళ్లు నిజంగా కలిసిన పెట్రోలు అయితే మనం ఏమీ పోయకముందే కింద వేరే పొర కనబడుతుంది. ఇంట్లో పొయ్యి దగ్గర ఈ ప్రయోగాలు మాత్రం వద్దు.

ఇంజిన్ పాడవుతుందా అన్న ప్రశ్నకు నిజాయతీగా ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. పిస్టన్ కరిగిపోదు, సిలిండర్ పగలదు. దెబ్బ తినేవి చిన్న చిన్న రబ్బరు ముక్కలు. పెట్రోలు ట్యూబు, సీళ్లు, కార్బురేటర్‌లోని గ్యాస్కెట్లు పాతకాలపు రబ్బరువైతే ఇథనాల్‌కు ఉబ్బుతాయి, తర్వాత పగుళ్లిస్తాయి. తేమ తోడైతే జింకు, ఇత్తడి, అల్యూమినియం భాగాలు తుప్పు పట్టే అవకాశం పెరుగుతుంది. ట్యాంకు గోడలకు ఏళ్లుగా పట్టిన జిడ్డును కూడా ఇథనాల్ కడిగేస్తుంది, అదంతా వెళ్లి ఫిల్టర్‌లో ఇరుక్కుంటుంది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లలో ఈ భాగాలన్నీ ఈ20ని తట్టుకునే రకాలు. అంతకుముందు కొన్న బండికి చేయాల్సింది రెండు పనులే. మాన్యువల్‌లో గానీ ట్యాంకు మూత దగ్గర స్టిక్కర్‌పై గానీ ఎంత శాతం దాకా పనికొస్తుందో చూసుకోవడం, పెట్రోలు ట్యూబును, ఫిల్టర్‌ను సర్వీసింగ్‌లో మార్పించడం. ఖర్చు పెద్దది కాదు.

బైకుల గురించి ఇంత మాట్లాడుకుంటాం గానీ నాకు ఎక్కువ దిగులు పవర్ స్ప్రేయర్ల మీదే. మందు కొట్టే పని అయిపోగానే మిగిలిన పెట్రోలు, 2టీ ఆయిల్ మిశ్రమంతోనే దాన్ని పాకలో వేలాడదీస్తారు, మళ్లీ పంట వేళకు దింపుతారు. ఈలోపు తేమ చేరి నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోతే ఆ అడుగు పొరలో ఆయిల్ ఉండదు. టూ స్ట్రోక్ ఇంజిన్‌కు కందెన ఇంధనంలో కలిపిన ఆయిలే. అది లేని పొరను పీల్చిన ఇంజిన్ పట్టేస్తుంది. పని కాగానే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలింది కూడా అయిపోయేదాకా ఇంజిన్‌ను ఆడించి ఆపేస్తే చాలు. పెట్రోలుతో నడిచే పడవ మోటారుకు, గడ్డి కోసే మిషనుకు కూడా ఇదే పద్ధతి. డీజిల్ ఇంజిన్ ఉన్నవాళ్లకు ఈ20తో సంబంధం లేదు.

పెట్రోలులో ఇథనాల్ కలపడం కొత్త ఆలోచన అనుకుంటారు, కాదు. 1948లోనే దేశంలో ఇండియన్ పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది. 2000 సంవత్సరంలో దాన్ని రద్దు చేశారు. మళ్లీ 2003 జనవరిలో 5 శాతం కలపడం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న తొమ్మిది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. ఇథనాల్ దొరకక ఆ పథకం చతికిలబడి, 2013-14లో కలిసింది ఒకటిన్నర శాతమే.

ఇక ఇథనాల్‌కు మూలమైన చెరకు సంగతి. అనకాపల్లి చెరకు నేల. ఇక్కడి వ్యవసాయ పరిశోధనా స్థానం 1913 నాటిది, విశ్వామిత్ర అని పిలిచే 87ఏ298 లాంటి చెరకు రకాలు అక్కడి నుంచే వచ్చాయి. టన్ను చెరకు పిండిన రసం నుంచి 70 లీటర్ల దాకా ఇథనాల్ తీయవచ్చు. 2024-25లో అలాంటి ఇథనాల్‌కు చమురు కంపెనీలు ఇచ్చిన ధర లీటరుకు 65 రూపాయల 61 పైసలు, మొక్కజొన్న ఇథనాల్‌కు 71 రూపాయల 86 పైసలు. ఇంత గిరాకీ వచ్చిన కాలంలోనే తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ సహకార చక్కెర కర్మాగారాలు ఆగిపోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. బెల్లం మార్కెట్టే మిగిలిన రైతుకు ఈ ఇరవై శాతంలో వాటా ఏదీ?

వాహనదారుడికి కూడా అడగాల్సింది ఒకటుంది. మైలేజీ తగ్గే పెట్రోలుకు ధర కూడా తగ్గేలా పన్ను రాయితీ ఇవ్వాలని అదే నీతి ఆయోగ్ నివేదిక 2021లో సూచించింది. అప్పట్లో ఇథనాల్ పెట్రోలు కంటే చవక. 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వ శాఖ చెప్పిన లెక్క ప్రకారం ఇథనాల్ సగటు ధర లీటరుకు 71 రూపాయల 32 పైసలకు చేరింది, శుద్ధి చేసిన పెట్రోలు ధరను దాటింది, అందుకే తగ్గించలేమన్నది వివరణ. ధర తగ్గించలేకపోతే పోనీ, లీటరులో ఎంత ఇథనాల్ ఉందో, ఎంత మైలేజీ తగ్గవచ్చో బంకు పంపు మీద తెలుగులో రాసి పెట్టడానికి ఖర్చేమీ కాదు. బ్రెజిల్‌లో 2025 ఆగస్టు నుంచి మామూలు పెట్రోలులోనే 30 శాతం ఇథనాల్ కలుస్తోంది. దాని పక్కనే అచ్చంగా ఇథనాల్ పంపు కూడా ఉంటుంది. రెండు ధరలూ బోర్డు మీద కనబడతాయి. ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపు ఉంటే అక్కడివాళ్లు ఇథనాల్ కొట్టిస్తారు, దాటితే పెట్రోలు.