పాచి కట్టిన రాళ్ళు

నెల్లూరు సీమకు పడమటి కొసనున్న కలువాయి యందు నిలిచి ప్రొద్దు క్రుంకు దిక్కునకు చూచినచో వెలిగొండలు గోడవలె అడ్డముగా కానవచ్చును. ఆ గోడను చీల్చుకొని పెన్నానది సోమశిల యొద్ద మైదానమునకు దిగుచున్నది. నీటికొరకు ఆ కొండలవైపు చూచుట ఈ ప్రాంతపు రైతునకు తరతరముల అలవాటు. ఆ కొండల కావల నొకప్పుడు సముద్రమే యుండెనని చెప్పిన నాతడు నవ్వవచ్చును. కాని అది నిజము. దానికి రాళ్ళే సాక్ష్యము.

కొండలకు తూర్పున అభ్రకము మెరయు రాళ్ళు కలవు. పడమట నేల వేరు. అచ్చట ఇసుకరాయి, పలకరాయి, సున్నపురాయి ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. నెలవంక యాకారమున సుమారు 44,000 చదరపు కిలోమీటర్లు వ్యాపించిన ఈ ప్రదేశమును కడప బేసిన్ అందురు. భారత భూగర్భ పరిశీలన శాఖకు చెందిన విలియం కింగ్ 1872 లో దీనిని గూర్చి విపులమైన గ్రంథము ప్రకటించెను. మన యిండ్లలో పరచుకొను కడప నాపరాళ్ళు ఇచ్చటివే. అయితే మనకు కావలసిన రాళ్ళు వానికంటె చాల పాతవి. అవి అడుగుపొరలకు చెందినవి. వేంపల్లె యను ఊరిపేరనే వానిని పిలుతురు. వాని పైనున్న పొరలలోనికి, కరిగిన నల్లరాయి యొకటి తరువాతి కాలమున చొచ్చుకొని వచ్చినది. ఆ నల్లరాతి వయస్సును కొలువగా దాదాపు 188 కోట్ల సంవత్సరములని తేలినది. కావున దానికి అడుగున నున్న వేంపల్లె రాళ్ళు అంతకంటెను పురాతనములు.

ఈ రాళ్ళను నిలువుగా కోసినచో లోపల సన్నని పొరలు బోర్లించిన గిన్నెలవలె ఒకదానిపై నొకటి యమరియుండును. అడ్డముగా కోసినచో ఉల్లిగడ్డను తరిగినట్లు చుట్లు కనబడును. వీనికి 1908 లో కాల్కౌస్కీ యను జర్మను శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరునుండియే స్ట్రొమటోలైటు అను నేటి మాట వచ్చినది. వీనిని కట్టినవారు శిల్పులు కారు, పగడపు పురుగులును కావు. ఆ కాలమున చేపలు లేవు, నత్తలు లేవు, గడ్డిపోచయు లేదు. కంటి కానని సూక్ష్మజీవులు మాత్రముండెను.

చెరువుమెట్లపై పాచి పట్టుట అందరును ఎరిగినదే. అట్లే ఆ లోతులేని సముద్రపు టడుగున సయనోబాక్టీరియా అను సూక్ష్మజీవులు చాపవలె అల్లుకొనెను. వాని యొడలి జిగురునకు నీటిలోని సన్నని సున్నపుమన్ను అంటుకొనెడిది. అవి సూర్యకాంతితో ఆహారము చేసికొనుటకై నీటిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహింపగా, నీట కరిగియున్న సున్నము తేరి అడుగున పడెడిది. మన్ను కప్పివేయగానే ఆ జీవులు వెలుతురుకై పైకి ప్రాకి మరియొక చాపను పరచెడివి. ఈ పని యెంత మెల్లగా సాగునో నేటికిని చూడవచ్చును. ఆస్ట్రేలియా పడమటి తీరమున షార్క్ బే అను ఉప్పునీటి అఖాతములో ఇట్టివి ఇంకను సజీవముగా నున్నవి. అవి ఏడాదికి అర మిల్లీమీటరైనను పెరుగవు.

ఇక శిలాతైలము మాట. పెట్రోలియము రాతినుండి పుట్టునదని కొందరనుకొందురు. నిజమునకది జీవుల అవశేషముల నుండి పుట్టును. పాచిచాపలు కుళ్ళకమునుపే మన్నుక్రింద పూడిపోయిన, అందలి జీవపదార్థము రాతిలో నిలుచును. పొరలు లోతునకు దిగినకొలది వేడి హెచ్చును. సుమారు 60 మొదలు 120 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఆ పదార్థము నెమ్మదిగా నూనెయగును. అంతకు మించిన నూనె విరిగి వాయువగును. ఇంకను కాగినచో మిగులునది మసియే. పుట్టిన నూనెకు ఇల్లు కావలెను గదా! ఆ యిల్లును పాచిరాయియే యగుట కలదు. పొరలనడుమ మిగిలిన ఖాళీలును, నీరు కరగించిన తొఱ్ఱలును, సున్నపురాయి డోలమైటుగా మారునపుడు కొన్నియెడల నేర్పడు రంధ్రములును నూనెకు చోటిచ్చును. పైన ఉప్పో, గట్టి బంకరాయో మూతగా నుండవలెను. లేనిచో నూనె నేలపైకి కారి యెగిరిపోవును.

ఈ మూడును కూడివచ్చిన తావులు లోకమున లేకపోలేదు. దక్షిణ ఒమానులో సుమారు 54 కోట్ల యేండ్లనాటి పాచిరాళ్ళు ఉప్పుపొరల నడుమ చిక్కి, తమ నూనెను తామే దాచుకొన్నవి. సైబీరియాలోని యురుబ్చెన్ ప్రాంతపు డోలమైటులు దాదాపు వంద కోట్ల యేండ్లవి. వాని పగుళ్ళలోను నూనె దొరకినది. బ్రెజిలు తీరమున 2006 లో సముద్రపు టడుగున, మందమైన ఉప్పుక్రింద బయల్పడిన తుపీ క్షేత్రము పురాతన సరస్సులలో నేర్పడిన సున్నపురాళ్ళది. అందు సూక్ష్మజీవుల పాలెంత, కేవల రసాయన క్రియ పాలెంత యనుటపై పండితులు నేటికిని వాదించుచున్నారు. మన దేశముననే రాజస్థాను ఎడారిలోని బాఘేవాలా యొద్ద 1991 లో ఆయిల్ ఇండియా సంస్థ 50 కోట్ల యేండ్లకు మించిన పొరలలో చిక్కని నూనెను కనుగొన్నది.

అట్లయిన వేంపల్లె రాళ్ళలో నూనె యేల దొరకలేదు? ఆంధ్రదేశమున నూనెయు వాయువును లభించుచున్నవి కృష్ణా గోదావరుల ముఖద్వారములందు. అవి కడప రాళ్ళతో పోల్చిన నిన్న మొన్నటి పొరలు. పాచిరాళ్ళుండుట యొక్కటే చాలదు. కడప పొరలు చాల లోతున పూడినవి; కరిగిన నల్లరాయి చొచ్చుకొనిన చోట్ల మరింత కాగినవి. తూర్పున వెలిగొండలవైపు భూమి యొత్తిడికి ముడుతలుపడి నలిగినవి. ఇంతటి పాట్లకోర్చి, మూత చెదరక, నూటతొంబది కోట్ల యేండ్లు నూనెను కాపాడుట రాతికి తేలిక పని కాదు. ఎన్నడో నూనె పుట్టియుండినను అది కాగిపోవుటకో కారిపోవుటకో కావలసినంత కాలము గడచినది.

అయినను ఆ రాళ్ళు వట్టిపోలేదు. పులివెందుల ప్రాంతమున నల్లరాయి తగిలినచోట డోలమైటు రాతినారగా మారినది. తుమ్మలపల్లె యొద్ద వేంపల్లె డోలమైటులోనే యురేనియము ఇమిడియున్నది. దానికై గని త్రవ్విరి. భూగర్భ శాస్త్రజ్ఞునకు మరియొక యుపకారమును కలదు. పాచిగిన్నెల బొడుపు ఎల్లప్పుడును వెలుతురువైపునకే పెరిగినది. కొండలు ముడుతలుపడి పొరలు తలక్రిందులైన తావున ఆ బొడుపు ఎటున్నదో చూచి, ఏ పొర ముందు పుట్టినదో, ఏది వెనుక పుట్టినదో ఆతడు చెప్పగలడు.