హండియా కుండపై అధికారం ఎవరిది?

అన్నం వండి, ఆరబెట్టి, రాను బిళ్లల పొడి కలిపి కుండలో మూడు నాలుగు రోజులు పులియబెడితే హండియా సిద్ధమవుతుంది. ఝార్ఖండ్‌లోని ముండా, ఉరావ్, సంతాల్ ఇళ్లలో ఇది చాలావరకు స్త్రీల పని. అసలు విద్య రానులో ఉంది. బియ్యప్పిండిలో అడవి వేళ్లు, బెరళ్లు నూరి చేసే ఆ బిళ్లల పాళ్లు ఎక్కడా రాసి ఉండవు. ఇంటి పెద్దల నోటనే తరాలు దాటుతాయి. సర్హుల్ పండుగలో పాహన్ ముందుగా హండియాను దేవతలకు, పూర్వీకులకు ధారపోస్తాడు.

ఈ కుండ రాజ్యాంగ సభ దాకా వెళ్లింది. మద్యనిషేధాన్ని ఆదేశిక సూత్రాలలో చేర్చాలన్న సవరణను 1948 నవంబర్ 24న జైపాల్ సింగ్ ముండా వ్యతిరేకించారు. 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు సారథి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు. సభలో మాత్రం ఆదివాసీగానే నిలబడ్డారు. బియ్యపు కల్లు తమ మతాచారంలో భాగమని, దానిని వదులుకోబోమని తేల్చిచెప్పారు. అది దొరకకపోతే సంతాలుల చేత బెంగాల్‌లో వరినాట్లు వేయించడం అసాధ్యమని కూడా అన్నారు. నా దృష్టిలో ఈ రెండో మాటే బలమైనది. మద్యమంటే విలాసమో వ్యసనమో అనుకునే సవర్ణ నీతికి, బురదనీళ్లలో రోజంతా వంగిన నడుము కనిపించదు.

సవరణ నెగ్గి 47వ అధికరణమైంది. అయితే ఆరవ షెడ్యూల్ 12వ పేరాలో ఒక వెసులుబాటు మిగిలింది: బట్టీలో కాచని, కేవలం పులియబెట్టిన మద్యాన్ని నిషేధించే రాష్ట్ర చట్టం జిల్లా మండలి అంగీకరించనిదే అస్సాం స్వయంపాలిత జిల్లాలకు వర్తించదు. ఝార్ఖండ్, ఒడిశాలతో పాటు మన ఏజెన్సీకి వర్తించే ఐదవ షెడ్యూల్‌లో ఆ రక్షణ లేదు. ఏ చట్టానికైనా మినహాయింపు గవర్నర్ దయ. 1996 నాటి పెసా సైతం మత్తుపదార్థాలను నిషేధించే, నియంత్రించే అధికారం గురించే మాట్లాడుతుంది.

ఇంటి కుండపై రాజ్యం చేయి వేస్తే ఏమవుతుందో తెలుగు నేలకు తెలియనిది కాదు. గోదావరి మన్యంలో ఇంటి అవసరానికి కల్లు గీసుకునే హక్కును కాదని, కౌలు కంట్రాక్టర్లను తెచ్చి, చిగురు పన్ను పిండినందుకే కదా 1879లో రంప భగ్గుమన్నది! అబ్కారీ చట్టాలకు ఆరోగ్యం కంటే ఖజానాయే ముఖ్యం. నేడు హైదరాబాద్ మైక్రో బ్రూవరీలో పులిసినది లైసెన్సు పొందిన అభిరుచి. ఆదివాసీ గుడిసెలో పులిసినది వెనుకబాటుతనం.

తాగుడు స్త్రీల బతుకులను కూల్చదా అన్న ప్రశ్నను దాటవేయలేం. 1992లో నెల్లూరు జిల్లా స్త్రీలు తిరగబడింది ఊరూరా పారిన కంట్రాక్టర్ల సారాపైన. హండియా కూడా సంతకెక్కాక పూర్వపు హండియా కాదు; భూమి పోయిన కుటుంబాల స్త్రీలు దోనెల్లో దానిని అమ్ముకుంటున్నారు. వారిని వేరే ఉపాధికి మళ్లించేందుకు 2020లో ఝార్ఖండ్ ప్రభుత్వం ఒక రుణ పథకం తెచ్చింది. దానికి 1855 సంతాల్ తిరుగుబాటు వీరవనితలు ఫూలో, ఝానోల పేరు పెట్టింది. రుణం మంచిదే. కానీ పోయిన భూమి ఊసేది?

12వ పేరాలోని రక్షణను ఐదవ షెడ్యూల్ ప్రాంతాలకు విస్తరించి, నిర్ణయాన్ని గ్రామసభకు, అందులోని స్త్రీలకు వదలాలి. అప్పుడు కూడా ఇప్పసారా బయటే మిగులుతుంది, అది బట్టీలో కాచేది కనుక. గోండు, కోయ గూడేల్లో ఆ చర్చ వేరుగా జరగాలి.