మళ్లీ మళ్లీ వాడుకునే స్టాలు: ముందుగా వేయవలసిన లెక్క

హైదరాబాదు నుమాయిష్ గురించి వినని తెలుగువారు నాందేడ్‌లో అరుదు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రారంభించిన ఈ ప్రదర్శన 1946లో నాంపల్లికి మారింది. దాని ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలను నడుపుతోంది.

అక్కడ స్టాలు దాదాపు నెలన్నర ఉంటుంది. మూడు రోజుల వాణిజ్య ప్రదర్శనలో మాత్రం, వేలు పోసి చేయించిన ప్లైవుడ్ గోడ నాలుగో రోజుకు చెత్త. చీరలు, దుప్పట్లు అమ్ముకునే చిన్న కుటుంబానికి వచ్చిన లాభం అందులోనే పోతుంది.

విప్పి మళ్లీ బిగించుకునే అల్యూమినియం ఫ్రేము దీనికి ఉపాయం. అయితే తొందరపడి కొనకూడదు. ఫ్రేము ధర రూ. 60,000 అనుకుందాం. ప్రతిసారీ రవాణా, నిల్వ, మరమ్మతులకు రూ. 5,000. కొత్తగా చేయిస్తే ప్రతిసారీ రూ. 20,000. అంటే ఒక్కో ప్రదర్శనకు ఆదా రూ. 15,000, నాలుగింటితో పెట్టుబడి తిరిగివస్తుంది, ఐదోదాని నుంచే మిగులు. బి.కాం. విద్యార్థులు పుస్తకంలో చదివే బ్రేక్-ఈవెన్ ఇదే. రెండేళ్లకొకసారి వెళ్లేవారికి అద్దె ఫ్రేమే నయం.

3 మీటర్ల చదరపు స్టాలుకు మీటరు వెడల్పు ప్యానెళ్లు 9 కావాలి. మూల స్టాలు రెండు వైపులా తెరిచి ఉంటుంది కనుక 6 చాలు. అందుచేత మీటరు ముక్కలుగానే చేయించండి. సంవత్సరం, ధరలు ప్యానెల్‌పై అచ్చు వేయించవద్దు. విడిగా గుడ్డపై వేయించండి. ఆ గుడ్డ సులభంగా నిప్పంటుకోనిది కావాలి. 2019 జనవరి 30న నుమాయిష్‌లో మంటలు ఎన్నో స్టాళ్లను బూడిద చేశాయి.

ముక్కలన్నిటికీ నంబర్లు వేసి జాబితా రాయండి. విప్పే హడావుడిలో పోయేవి బోల్టులే! లారీ ఎక్కించక ముందే వాటిని లెక్కపెట్టే పని పిల్లలకు అప్పగించవచ్చు.